మా అన్న పింఛను, మా ఇంటి ప్రమాణం

మా అన్న ఎవరినీ నమ్మడు. పాలవాడు కొలిచి పోస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ కొలుస్తాడు. రిక్షా ఎక్కితే దిగేదాకా ఫోన్‌లో మ్యాపు చూస్తూ కూర్చుంటాడు. డాక్టరు మందు రాసిస్తే ఆ చీటీ పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడు. అలాంటి మనిషి తన సంపాదనలో పెద్ద ముక్కను నా చేతుల్లో పెట్టాడంటే చెల్లెలి మీద ప్రేమ అని చుట్టాలంతా మురిసిపోయారు. నేను మాత్రం మురియలేదు. సూరత్‌లోని వరాఛా పేటలో పన్నుల లెక్కలు చూసే ఒక ఆఫీసులో నేను పని చేస్తాను. నాకు ఫీజు ఇవ్వక్కర్లేదు. అదీ అసలు సంగతి.

మా తాత కరీంనగర్ దిక్కు నుంచి సూరత్‌కు మగ్గం పనికి వచ్చాడు. అన్నా నేనూ ఇక్కడే పుట్టాం. అన్న మగ్గాల మరమ్మతు నేర్చుకున్నాడు. చెయ్యి మంచిదని పేరు పడి, ఆ పేరు ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఆస్ట్రేలియాలో ఒక తివాచీల ఫ్యాక్టరీలో మెకానిక్ ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఏడెనిమిదేళ్ళు అక్కడున్నాడు. అక్కడే ఉండిపోదామని ఆశపడ్డాడు గానీ కాగితాలు కుదరలేదు. వీసా అయిపోగానే వదినను వెంటబెట్టుకుని వచ్చేసి ఆల్థాన్‌లో లిఫ్టున్న బిల్డింగులో అద్దెకు దిగాడు. మేముండేది అమ్రోలిలో, తాపీ నదికి ఇవతల. మాది రెండు గదుల ఇల్లు, లిఫ్టు మాట దేవుడెరుగు, మెట్లకు పట్టుకునే కమ్మీ కూడా లేదు.

అన్న పని చేసినన్నాళ్ళూ ఆ ఫ్యాక్టరీ వాళ్ళు జీతానికి తోడు కొంత డబ్బు ఒక పింఛను ఫండులో వేస్తూ వచ్చారు. ఆ దేశం వాళ్ళయితే ముసలితనం దాకా ముట్టుకోవడానికి లేదు. వీసా మీద వచ్చి, పని చేసి, శాశ్వతంగా వెళ్ళిపోయిన వాళ్ళకు మాత్రం ముందే తీసుకునే వీలుంది. ఆ డబ్బు వస్తే అద్దెకున్న ఇల్లే కొనేయాలని అన్న ఆలోచన. వదిన అప్పటికే ఏ గోడకు ఏ రంగో నిర్ణయించేసింది.

నేను అన్నను మా ఆఫీసు సేఠ్ దగ్గర కూర్చోబెట్టాను. మా సేఠ్ గుజరాతీ ఆయన, మాట తక్కువ, చాయ్ ఎక్కువ. ఆయన మూడు మాటలు చెప్పాడు. అక్కడి సర్కారు ఈ డబ్బులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే పన్ను కింద కోసుకుంటుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. రెండోది, తిరిగొచ్చిన కొత్తలో మన దేశం బయటి సంపాదన జోలికి పెద్దగా రాదు, ఆ గడువు దాటితే ఇక్కడ కూడా లెక్క చెప్పి, అక్కడ కట్టిన పన్ను రుజువు చూపించి తగ్గించుకోవాల్సి వస్తుంది, కాబట్టి త్వరగా తీసుకో. మూడోది, ఆ డబ్బు ముందు అక్కడున్న నీ బ్యాంకు ఖాతాలోనే వేయించుకో, తర్వాత ఇక్కడికి తెచ్చుకో.

అన్న బుద్ధిగా తలూపాడు. బయటికి వచ్చాక మెట్ల మీదే నన్ను నిలబెట్టి మూడింటికీ మూడు అనుమానాలు చెప్పాడు. మూడో వంతు ఎవడైనా కోస్తాడా, అందులో మీ సేఠ్ వాటా ఎంత అన్నాడు. త్వరగా త్వరగా అని తొందరపెట్టేవాడు ఎప్పుడూ మంచివాడు కాదన్నాడు. తిన్నగా ఇక్కడికి తెచ్చుకునే డబ్బుకు మధ్యలో ఒక మజిలీ ఎందుకన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా అన్న కదా అని ఊరుకున్నాను.

ఊరుకోకుండా ఉండాల్సింది. ఎందుకంటే ఆ తర్వాతి వారం అన్నకు తన చిన్ననాటి స్నేహితుడు కలిశాడు. అతను దుబాయ్‌లో చాలా ఏళ్ళు పని చేసి వచ్చినవాడు. మా వాళ్ళకు బయటి దేశమంటే గల్ఫే. కరీంనగర్ దిక్కు మా సొంత ఊళ్ళో సగం ఇళ్ళ మగవాళ్ళు అటు పోయి వచ్చినవాళ్ళే కాబట్టి, దుబాయ్‌లో ఎట్లా ఉంటే లోకమంతా అట్లాగే ఉంటుందని గట్టి నమ్మకం. అక్కడ ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే డబ్బులో ఒక్క పైసా కూడా పన్ను కోయరు. అందుకని ఆ స్నేహితుడు, నీకు మాత్రం ఎందుకు కోస్తరు, నడుమ ఎవరో తింటున్నరు అని తేల్చేశాడు. సేఠ్ చదువు, నా పదేళ్ళ అనుభవం, ఆస్ట్రేలియా చట్టం, అన్నీ ఆ ఒక్క మాట ముందు కొట్టుకుపోయాయి.

అన్న దరఖాస్తు పెట్టనివ్వలేదు. నేను గుర్తు చేసినప్పుడల్లా నాకేం తొందరని అడిగేవాడు. ఒకసారి నవ్వుతూనే, కమీషన్ ఎంతే అన్నాడు. ఇంకెవరినో అడుగుతానని వెళ్ళేవాడు, అడిగి వచ్చి అతని మీద కూడా అనుమానం పెంచుకునేవాడు. పాస్‌పోర్టు నకళ్ళు నోటరీ చేయించి నా బీరువాలో పెట్టాను, అవి అక్కడే పడి ఉన్నాయి. ఫండు ఖాతా నా ఫోన్‌లోనే తెరిచే ఏర్పాటు చేసుకున్నాం, అప్పుడప్పుడు ఎంతుందో చూపించమనేవాడు. చూసి తృప్తిగా వెళ్ళిపోయేవాడు. అట్లా ఎండాకాలం పోయి వానలు కూడా వెనకబట్టాయి.

ఒక ఆదివారం అన్నా వదినా మా ఇంటికి భోజనానికి వచ్చారు. కోడికూర పొయ్యి మీద ఉంది. అన్న మామూలుగానే ఖాతా చూపించమన్నాడు. నేను గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఫోన్ తెరిచాను. ఖాతాలో సున్నా ఉంది. నెట్ సరిగ్గా లేదేమోనని మూసి తెరిచాను. సున్నానే ఉంది. అన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కుని బాల్కనీలోకి వెళ్ళి, సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి మరీ చూశాడు. ఆ రోజు కోడికూర ఎవరూ తినలేదు.

మొదట నోరు విప్పింది వదిన. ఈ ఫోను ఎవరెవరు ముట్టుకుంటారని అడిగింది. ఆమె అడిగిన తీరు చాలా మర్యాదగా ఉంది. నా ఫోన్ నా వేలికీ తెరుచుకుంటుంది, మా ఆయన వేలికీ తెరుచుకుంటుంది. ఆ సంగతి వదినకు బాగా తెలుసు, ఎందుకంటే అంతకు ముందు పండక్కి ఫోటోలు పంపమంటే నా ఫోన్ తీసి పంపింది మా ఆయనే. అందరి చూపూ ఒక్కసారి గోడవారన కూర్చున్న ఆయన మీదకు మళ్ళింది. ఆయన ముందున్న ఖాళీ పళ్ళెం అంచు గోకుతూ కూర్చున్నాడు. నేను తీయలేదని గానీ, నాకెందుకు ఆ డబ్బని గానీ అనలేదు.

మా ఆయన సంగతి ఇక్కడ చెప్పాలి. అద్దె షెడ్డులో కొన్ని పవర్‌లూమ్‌లు నడుపుతాడు. మంచివాడు, మొండివాడు, అడిగిన దానికి అడిగిన రోజే జవాబు చెప్పే అలవాటు లేనివాడు. ఆ ఏడు పని బాగా దెబ్బతింది. పాత మగ్గాలు తీసేసి నీటి ధారతో దారం తోసి నేసే కొత్త మిషన్లు పెడితే తప్ప బతకలేమని రోజూ అంటుండేవాడు. పైసలెక్కడివని నేను అడిగితే, చూద్దాం అనేవాడు. ఆ చూద్దాం అనే మాట ఇప్పుడు నా చెవుల్లో వేరేగా వినిపించడం మొదలైంది.

ఫండు వాళ్ళకు ఫోన్ చేసి కనుక్కుందామని నేను అన్నకు చెప్పాను. ఖాతాదారుతో తప్ప ఇంకొకరితో వాళ్ళు మాట్లాడరు, అన్న పక్కన కూర్చుంటేనే పని అవుతుంది. అన్న నా పక్కన కూర్చోనన్నాడు. నువ్వు ఏం చెప్తవో, వాళ్ళు ఏం చెప్తరో నాకెట్ల తెలుస్తది అన్నాడు. ఆస్ట్రేలియాలో అన్నేళ్ళు ఇంగ్లీషులోనే బతికి వచ్చిన మనిషి! సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేస్తానని కూడా అన్నాడు. అప్పుడు మా కులపెద్దలు కల్పించుకున్నారు. ఇంటి ఆడబిడ్డ మీద పోలీసు కేసు పెడితే నలుగురిలో నవ్వులపాలవుతామని, మన మాట మనమే తేల్చుకుందామని అన్నను ఆపారు. గుడి దగ్గర పంచాయితీకి ఒక రోజు పెట్టారు.

ఆ రోజు వచ్చేదాకా నేను మా ఇంట్లో నేనే పోలీసునయ్యాను. ఆయన స్నానానికి పోతే ఫోన్ చూశాను. చొక్కా జేబులు తడిమాను. షెడ్డుకు వెళ్తున్నానని చెప్పిన రోజు షెడ్డులో పనిచేసే మనిషికి ఫోన్ చేసి ఉన్నాడా అని అడిగాను, లేడన్నాడు. సున్నా కనబడిన దగ్గర్నుంచి ఆయనకు ఫోన్లు ఎక్కువయ్యాయి. మోగగానే బయటికి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఎవరని అడిగితే, నూలు వ్యాపారి అనేవాడు. నూలు వ్యాపారితో గుసగుసలేమిటో నాకు అర్థం కాలేదు. అడగడానికి నోరు వచ్చేది కాదు, ఎందుకంటే ఆయన నిజమే చెప్పేస్తాడేమోనని భయం. అటు చూస్తే నా పుట్టిల్లు, ఇటు చూస్తే మొగుడు. ఆ పంచాయితీలో నా మాట పోతే ఆల్థాన్ గుమ్మం మళ్ళీ ఎక్కలేను. ఆయన మాట పోతే ఈ ఇంట్లో తలెత్తుకుని తిరగలేను.

మా వాళ్ళలో ప్రమాణానికి ఒక పద్ధతి ఉంది. మా నేతవాళ్ళ కులదైవం మార్కండేయ స్వామి ముందు పళ్ళెంలో నూలు చిలప, అంటే చుట్ట చుట్టిన దారపు కట్ట, పెడతారు. పెళ్ళైన వాళ్ళయితే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే చిలప మీద చెయ్యి పెట్టి చెప్పాలి. ఇల్లు ఒకటే కాబట్టి మాట కూడా ఒకటే అని పెద్దలు అంటారు. ఒక్కరు పెడితే చెల్లదు. అబద్ధమాడితే ఆ పాపం వాళ్ళకు తగలదట, కన్న పిల్లలకు తగులుతుందట. మాకు ఒక్కతే కూతురు. ఇలాంటివి నమ్మనని నేను పదిసార్లు అని ఉంటాను. కానీ నమ్మకపోవడం వేరు, చిలప ముందు కూర్చోవడం వేరు.

ఆ రోజు గుడి హాల్లో పెద్దలు అరగంట సేపు కొట్లాడుకున్నారు, మా సంగతి మీద కాదు, నూలు మీద. సూరత్‌లో మేం నేసేదంతా పాలిస్టర్. ఎవరో పాలిస్టర్ దారం కోను తెచ్చి పళ్ళెంలో పెడితే, దాని మీద ప్రమాణం ఎట్లా చెల్లుతుందని ఒకాయన లేచాడు. ముప్పై ఏళ్ళుగా మన కడుపు నింపుతున్నది అదే కదా అని ఇంకొకాయన. చివరికి జంధ్యాల పున్నమికి మిగిలిన పత్తి నూలు గుళ్ళో ఎక్కడో దొరికింది. ఆ కొట్లాట వింటూ నాకు నవ్వు కూడా వచ్చింది. నవ్వితే దొంగనంటారని పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

పెద్దాయన చిలపను సర్ది మా వైపు జరిపాడు. "ఇద్దరు చెయ్యి పెట్టుండ్రి. ఆ పైసలు మేము ముట్టలేదు అనుండ్రి. గంతే, ఇంకేం వద్దు" అన్నాడు.

నేను చెయ్యి పెట్టాను. నేను ముట్టలేదు, ఆ సంగతి నాకు తెలుసు. ఆయన ముట్టాడో లేదో తెలియదు. అయినా "మేము" అనే అన్నాను, గట్టిగానే అన్నాను. లోపల మాత్రం నా కూతురి పేరు చెప్పుకుని, తల్లీ నీకేమీ కాకూడదు అనుకున్నాను.

ఆయన చెయ్యి పెట్టలేదు. పెద్దాయన మళ్ళీ చెప్పాడు. ఆయన చేతులు రెండూ ఒళ్ళోనే పెట్టుకుని చిలప వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నేను చెయ్యి పెట్ట" అన్నాడు. "మీకు ఎట్ల తోస్తే అట్ల అనుకోండ్రి."

హాల్లో గోల మొదలైంది. అన్న లేచి నిలబడి, ఇంకేం పంచాయితీ, దొంగ దొరికిండు కదా అన్నాడు. నన్ను చూసి, నీ తప్పు లేదు చెల్లె అన్నాడు. ఆ ఓదార్పు చెంపదెబ్బ కంటే ఎక్కువ మండింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన ముందు, నేను వెనక నడిచాం. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో ఉప్పు, పప్పు, కరెంటు బిల్లు గురించి తప్ప మాటల్లేవు. ఆయన తీశాడని నాకు ఇంక అనుమానం కూడా మిగలలేదు. ఎక్కడ దాచాడన్నదే నా ఆలోచన. అంత పెద్ద డబ్బు మా బ్యాంకులో పడితే నాకు తెలియకుండా ఉండదు కదా అని ఒకసారి తోచింది. అంటే ఇంకెవరి ఖాతాలోనో వేయించి ఉంటాడు అనుకున్నాను. అనుమానానికి దారి చూపించే పని లేదు, అదే వెతుక్కుంటుంది.

నిజం బయటపెట్టింది మా అన్నే. అది కూడా మంచితనంతో కాదు. బావ దొంగతనం కాగితం మీద రుజువు చేయాలని, నా డబ్బు ఏ ఖాతాలోకి పోయిందో చెప్పండని ఫండు వాళ్ళకు తనే రాశాడు. వాళ్ళు జవాబు రాశారు. వీసా ముగిసి, దేశం విడిచి ఆరు నెలలు దాటినా డబ్బు అడగని వాళ్ళది ఫండులో ఉంచకూడదట. చట్టం ప్రకారం అక్కడి పన్నుల ఆఫీసుకు అప్పజెప్పేయాలట. అప్పజెప్పేశారు. అన్న డబ్బు భద్రంగా ఆ ఆఫీసులోనే ఉంది, అన్న పేరు మీదే ఉంది, వచ్చి అడగమంటున్నారు.

అన్న ఆ జవాబు పట్టుకుని మా ఇంటికి రాలేదు. మా ఆఫీసుకు వచ్చి సేఠ్ ముందు ఫోన్ పెట్టి కూర్చున్నాడు. సేఠ్ చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈ సంగతి ఆయనకూ తెలియదట, త్వరగా తీసుకోమని చెప్పినందుకు మాత్రం తన వీపు తనే తట్టుకున్నాడు. నేను బీరువాలోని నకళ్ళు తెచ్చాను. దరఖాస్తు పెట్టాం. కొన్నాళ్ళకు డబ్బు వచ్చింది, మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే పన్ను కోసుకుని మరీ వచ్చింది. సేఠ్ ఒక్క రూపాయి కూడా తినలేదని అన్నకు కళ్ళ ముందే కనబడింది. అయితే ఆ దేశం సర్కారే దొంగదన్నమాట అని అన్నాడు. ఎవరో ఒకరు దొంగ కాకపోతే మా అన్నకు నిద్ర పట్టదు.

ఆ తర్వాతి ఆదివారం అన్న ఘారీ మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఏమీ జరగనట్టే మా ఆయన పక్కన కూర్చుని, తిను బావా, మంచి దుకాణంది అన్నాడు. మా ఆయన తిన్నాడు. వాన గురించి, కరెంటు రేటు గురించి మాట్లాడుకున్నారు. తప్పైందన్న మాట ఎవరి నోట్లోంచీ రాలేదు. దొంగ అని అనడానికి హాలు నిండా జనం వచ్చారు గానీ, కాదని చెప్పడానికి ఒక్క పెద్దమనిషి కూడా మా మెట్లెక్కలేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, అన్న వెళ్ళాక ఆ డబ్బా తీసుకెళ్ళి పక్క బిల్డింగు వాచ్‌మన్‌కు ఇచ్చేశాను.

కోపం ఒక్క అన్న మీదే అయితే అక్కడితో తీరేది. తీరలేదు. ఏమీ తీయని మనిషి చిలప మీద చెయ్యి ఎందుకు పెట్టలేదు? మరో సెలవు రోజు మధ్యాహ్నం కూతురు ట్యూషన్‌కు వెళ్ళింది. ఆయనకు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుని అడిగేశాను. ఎప్పటిలాగే మర్నాటికి వాయిదా వేస్తాడనుకున్నాను. ఆయన మాత్రం ముద్ద కలుపుతూ తలెత్తకుండానే చెప్పాడు.

"నువ్వే తీసినవనుకున్న."

నేను చేతిలోని గరిటె గిన్నెలో వదిలేశాను.

"పాస్‌వర్డు నీ తాన ఉండె. ఆ పని తెలిసినదానివి నువ్వొక్కదానివే. నేను రోజూ మిషన్లు మిషన్లు అని నీ పానం తిన్న. నాకోసమే తీసినవేమో అనుకున్న. నూలు మీద ఇద్దరం అబద్ధమాడితే పిల్లకు తగుల్తది కదా. ఒక్కరు పెడితే అది చెల్లదు, పిల్లకేం కాదు. అందుకే నేను పెట్టలే."

మరి ఆ ఫోన్లేమిటని అడిగాను. నూలు వ్యాపారిని అప్పు అడుగుతున్నాడట. ఇద్దరు ముగ్గుర్ని అడిగాడట, వాళ్ళ చుట్టూ తిరగడానికే షెడ్డు వదిలి పోయేవాడట. మొత్తం కాకపోయినా కొంతయినా అన్న చేతిలో పెట్టి, నా పేరు బయటికి రాకుండా చూద్దామనుకున్నాడట. ఇదంతా కరెంటు బిల్లు గురించి చెప్పినట్టే చెప్పాడు.

నన్ను దొంగననుకున్న మనిషి మీద అరవాలని ఉంది. ఊరంతటి ముందు నా దొంగతనాన్ని తన నెత్తిన వేసుకున్న మనిషి చెయ్యి పట్టుకుని ఏడవాలని కూడా ఉంది. రెండూ చేయలేకపోయాను. పప్పు గిన్నె మీద మూత పెట్టి, మళ్ళీ తీశాను.

అప్పుడు ఆయన మొదటిసారి తలెత్తాడు. "నువ్వు నా తరఫున గూడ చెయ్యి పెట్టినవ్ కదా" అన్నాడు. "జర్ర గూడ ఆలోచన చెయ్యలే. అంత మంది ముంగట మేము అన్నవ్. నన్ను అంత నమ్మినవా?"

ఆయన ముఖంలో ఎన్నడూ లేని సంతోషం ఉంది. డబ్బు నేను తీయలేదని తేలిన దగ్గర్నుంచి ఆ పంచాయితీ అవమానమంతా ఆ ఒక్క మాట తలుచుకునే మరిచిపోయినట్టున్నాడు.

"నమ్మిన" అన్నాను.

ఆయన తలూపి, పళ్ళెం నా వైపు జరిపి, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు.